చప్పుడు చెయ్యని గుండీ

మొన్న మంగళవారం పొద్దున్న మా కటింగ్ గదిలో ఉన్నవాళ్ళు, ఉన్నవి ఇవి: నేను, కాజాలు కుట్టే ఈశ్వరమ్మ గారు, మూడు కుట్టుమిషన్లు, వాటిలో నడిచేవి రెండు, గోడకి మేకుకి వేలాడే నమూనా కాగితాల కట్ట, పొడుగాటి కటింగ్ బల్ల, బల్ల మీద మరమ్మతుకి వచ్చిన తెల్ల ఓవరాల్స్ మూట. మూట ముడి విప్పగానే వాసన కొట్టింది. పైన బ్లీచింగ్ పౌడరు, దాని అడుగున రొయ్య. ఎన్నిసార్లు ఉతికినా, ఎంత వేడినీళ్ళలో నానబెట్టినా రొయ్యల షెడ్డులో వాడిన గుడ్డని ఆ వాసన వదలదు. ఈశ్వరమ్మ గారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మేడమ్ గారుంటే ఈ పాటికి వాసన సూసి, ఏ షెడ్డు నుంచొచ్చినాదో సెప్పీసేవోరు" అంది. నేను ఒక్కొక్క ఓవరాల్‌నీ దులిపి, చిరిగిన చోట సుద్దతో గీత పెట్టడం మొదలుపెట్టాను.

మేడమ్ అంటే కామేశ్వరి గారు. ఊరు ఉద్దానంలో, జీడితోటల మధ్య. ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో బట్టల తయారీ పాఠం చెప్పి, ఉద్యోగానికి ముందుగానే సెలవు చెప్పి, విజయనగరంలో మూడు లాంతర్ల జంక్షన్ వెనక సందులో ఒక పాత గోదాము అద్దెకి తీసుకుని ఈ యూనిట్ పెట్టారు. పెళ్ళి బట్టలు కుట్టరు, స్కూలు యూనిఫారాలు కుట్టరు. పనిబట్టలు మాత్రమే. జనపనార మిల్లుకి, మందుల కంపెనీలకి, కొలిమి ముందు నిలబడేవాళ్ళకి, రొయ్యలు ఒలిచేవాళ్ళకి. మనిషి పొట్టి. గొంతు పెద్దది. నాలుగు బెంచీల అవతల నిద్రపోయేవాణ్ణి లేపడానికి అలవాటుపడ్డ గొంతు. ఎడమచెయ్యి జాకెట్టుకి మాత్రం మోచేతి పైదాకా కుట్టు విప్పి ఉండేది. నేను మొదట్లో అది కుట్టడం మరిచిపోయారనుకున్నాను.

ఎచ్చెర్లలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం లేక తిరుగుతున్న రోజుల్లో, ఎవరో చెబితే ఆమెని కలవడానికి వెళ్ళాను. సర్టిఫికెట్ల ఫైలు చేతికిచ్చాను. ఆమె దాన్ని బల్ల మీద పెట్టి, కూజాలోంచి గ్లాసు నిండా నీళ్ళు పోసి తాగమన్నారు. తాగాను. ఇంకో గ్లాసు పోశారు. మర్యాద కోసం అదీ తాగాను. మూడోది పోసి, "పరవాలేదు, తాగు, ఎండలో వచ్చావు" అన్నారు. తరవాత నింపాదిగా, ఒక్కొక్క సెమిస్టరు మార్కులూ వేలుపెట్టి చదివారు. ఆమె ఆఖరి కాగితం దాకా వచ్చేసరికి నేను కుర్చీలో సర్దుకుని కూర్చుంటున్నాను. అప్పుడు మెడ నుంచి మడమల దాకా ఒకటే ముక్కగా కుట్టిన ఒక తెల్ల ఓవరాల్, దాని మీద వేసుకునే ప్లాస్టిక్ ఏప్రాన్, తలముసుగు, ఐసు నీళ్ళలో ముంచిన రబ్బరు గ్లౌజులు తెచ్చి ముందు పడేశారు.

"ఇవన్నీ వేసుకుని పెరట్లోకి వెళ్ళిరా. గ్లౌజులు తియ్యకూడదు. గుడ్డ నేలకి తగలకూడదు."

వెళ్ళి వచ్చాను. పెద్ద కష్టమేమీ కాలేదనే చెప్పాను.

"మగోడివి కదేటి, జిప్పు సగం దింపితే నీ పని అయిపోయింది. ఇప్పుడు ఆడమనిషిలాగ వెళ్ళు. పూర్తిగా విప్పి, కూర్చుని, లేచి, మళ్ళీ తొడుక్కుని రా."

ఈసారి వచ్చేటప్పటికి నా రెండు చేతుల గుడ్డా తడి. జిప్పు మెడ దగ్గర ఇరుక్కుపోయింది. ఏప్రాన్ తాళ్ళు వెనక ముడిపడ్డాయి. ఈశ్వరమ్మ గారు మిషను ఆపి మరీ నవ్వుతోంది. మేడమ్ నవ్వలేదు.

"రోజూ నీకు ఇదే గొడవైతే ఏం చేస్తావు?"

"నీళ్ళు తాగడం మానేస్తానండి."

"రేపట్నుంచి రా" అన్నారు. ఫైలు తిరిగిచ్చారు. ఆ ఫైలుని ఆ తరవాత ఎవరూ అడగలేదు.

ఆమె నాకు అప్పగించిన మొదటి పని భోగాపురం అవతల, సముద్రం వైపు ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీది. ఒలిచే గదిలో అందరూ ఆడవాళ్ళే. పొద్దున్న బండి ఎక్కించి తెస్తారు, సాయంత్రం దింపుతారు. మధ్యలో ఐసు ముక్కల మీద పోసిన రొయ్యల ముందు నిలబడి తలలు తీస్తారు, పొట్టు ఒలుస్తారు. ఓవరాల్ విషయంలో ఫ్యాక్టరీ వాళ్ళ షరతులు రాసుకున్నాను. ఒకటే ముక్కగా ఉండాలి. పైకి గుండీ కనిపించకూడదు, ఊడి రొయ్యల్లో పడుతుంది. ఇనుము ఉండకూడదు, ప్యాకింగ్ దగ్గర లోహాన్ని కనిపెట్టే మిషను పట్టేస్తుంది. నేలకి తగిలితే మార్చాలి. షరతులన్నీ సరుకు గురించే. లోపలున్న మనిషి గురించి ఒక్కటీ లేదు. ఆ గదిలో నిండు నీళ్ళ క్యాను ఒకటి మూత తియ్యకుండా ఉంది. పైడమ్మ అనే ఆవిడ, ఒలిచేవాళ్ళకి పెద్దలాంటిది, నా చూపు కనిపెట్టి, "దానికేసి సూడకు బావూ. అది ఇన్స్‌పెక్టర్లొచ్చినప్పుడు సూపించడానికి" అంది. పొద్దున్న ఇంట్లో టీ కూడా సగమే తాగి వస్తారట. ఎండాకాలం రొయ్యల గదిలో చల్లగా ఉంటుంది కాబట్టి దాహం తెలీదట. మూత్రంలో మంట మాత్రం తెలుస్తుందట. అది చెప్పేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు, మేడమ్‌తో చెప్పింది.

తిరిగివచ్చేటప్పుడు బస్సులో మేడమ్ ప్లాస్టిక్ డబ్బా తీసి, అందులోంచి చిన్న ఐసు ముక్క నోట్లో వేసుకున్నారు. నేను నా సీసా అందించాను. వద్దన్నారు. ఆమె కిడ్నీలు పోయాయని, వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి వెళ్తారని, ఎడమచెయ్యి జాకెట్టు ఆ సూదుల కోసమే విప్పి ఉంచుకున్నారని అప్పుడు తెలిసింది. రోజు మొత్తానికీ డాక్టర్లు ఆమెని తాగనిచ్చే నీళ్ళు నేను ఇంటర్వ్యూలో తాగినన్ని కూడా కావు. ఉద్దానంలో వాళ్ళ వీధిలో ఇంటికొకరు చొప్పున ఆ జబ్బుతో ఉన్నారు. నీళ్ళు తాగకపోవడం వల్ల వచ్చిందా అని అడిగాను.

"ఎవరికి తెలుసురా? పెద్దపెద్దోళ్ళు వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, నెత్తురు పట్టుకెళ్ళారు. తాగినోళ్ళకీ వచ్చింది, తాగనోళ్ళకీ వచ్చింది. నాకెందుకొచ్చిందో నాకు తెలీదు." కిటికీలోంచి సరుగుడు తోటలు చూస్తూ, "కానీ తాగడానికి వీలుండి తాగకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండిపోతాదిరా శంకరం" అన్నారు.

ఆ నెలంతా ఒక్క ఓవరాల్ మీదే కూర్చున్నాం. జిప్పుని వెనక్కి తిప్పాం, పక్కకి తిప్పాం. ఉప్పునీళ్ళకి, పొట్టుకి దాని పళ్ళు పట్టేస్తున్నాయి. చివరికి నడుము వెనక అడ్డంగా కోసి, కింది భాగం తలుపులా కిందికి దిగేలా, పై భాగం జానెడు మేర దాన్ని కప్పేలా చేశాం. రెంటినీ వెల్క్రోతో అతికించాం. ఏప్రాన్ విప్పక్కర్లేదు, ముసుగు తియ్యక్కర్లేదు, గ్లౌజులతోనే ఒక్కసారి లాగితే చాలు. మేడమ్ స్వయంగా వేసుకుని, గదిలో వంగి, లేచి, కూర్చుని, ఒలిచినట్టు చేతులాడించి చూశారు. ఈశ్వరమ్మ గారు కూడా వేసుకుంది. నేను గీసిన బొమ్మల్లో మేడమ్ తప్పు పట్టని మొదటి బొమ్మ అదే. ఒక డజను కుట్టి పంపాం.

వారం తరవాత వెళ్ళి చూస్తే, డజను ఓవరాల్స్‌కీ వెనక తలుపు మూసి ఉంది. వెల్క్రో మూసుకుని ఉండడం కాదు. సూదీ దారంతో, దగ్గరదగ్గర టాకాలు వేసి కుట్టేశారు. ఎవరింట్లో దారం వాళ్ళు వాడినట్టున్నారు, ఒక్కోదాని మీద ఒక్కో రంగు. నీళ్ళ క్యాను మూత ఎప్పటిలాగే ఉంది. నేను గుడ్డ చిరిగిందేమో, పట్టు వదిలి తెరుచుకుందేమో అని వెతుకుతున్నాను. మేడమ్ ఒక ఓవరాల్ తీసుకుని, ఆ టాకాలు చేత్తో తడిమి, పైడమ్మని పక్కకి పిలిచారు.

"ఏటి తప్పుందే దీంట్లో? మొహమాటపడకు, చెప్పు."

"తప్పేటి నేదమ్మా. సుబ్బరంగుంది. రెండు రోజులు తాగినాం కూడాను."

"మరి?"

పైడమ్మ మమ్మల్ని మరుగుదొడ్ల వైపు తీసుకెళ్ళింది. వరసగా నాలుగు గదులు, వెనకంతా ఒకటే రేకు గోడ. గోడకి అటుపక్క ఐసు దించే కుర్రాళ్ళు టీ తాగే చోటు. ఆమె ఒక గదిలోకి వెళ్ళి, చేతిలో ఉన్న ఓవరాల్ వెల్క్రోని పట్టి లాగింది. సర్రున పెద్ద చప్పుడైంది. రేకు దాన్ని ఇంకా పెద్దది చేసింది. ఒక్క క్షణం తరవాత గోడ అవతల నుంచి ఎవరో నోటితో అదే చప్పుడు చేశారు. ఇంకొకడు అంతకంటే పొడుగ్గా చేశాడు. నవ్వులు.

"ఇన్నారు కదా. లోపలికెల్లింది ఎవురో కూడా పేరెట్టి సెప్తన్నారు. మా ఆడగుంటలు మొకం ఎత్తుకోనేకపోతన్నారు. దీనికన్నా ఎండుకోని ఉండడమే నయమమ్మా."

మేడమ్ నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళారు. ఆయన మంచిగానే మాట్లాడాడు. కుర్రాళ్ళు కదమ్మా, నాలుగు రోజులు నవ్వుకుని వాళ్ళే మానేస్తారన్నాడు. గోడ సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నాడు. బయటికి వచ్చాక నాకు కోపం ఆగలేదు. తప్పు ఓవరాల్‌ది కాదు, గోడది, ఆ కుర్రాళ్ళది, మనం ఎందుకు మార్చాలి అన్నాను. అప్పటికి ఆమెకి నడవడం కష్టంగా ఉంది. గేటు దగ్గర సిమెంటు దిమ్మ మీద కూర్చున్నారు.

"నువ్వన్నది నిజమేరా. గోడ మారాలి, ఆ ఎదవలూ మారాలి. అప్పటిదాకా వీళ్ళు ఎండిపోవాలేటి? గోడ నా చేతుల్లో లేదు. గుడ్డ ఉంది."

అక్కడి నుంచి మా పని అంతా చెవులతోనే. మేం ఓవరాల్ బరువు అడిగాం, మందం అడిగాం, కొలతలు అడిగాం, చప్పుడు గురించి మాత్రం ఎవరూ అడగలేదు. అడగాలని ఏ పుస్తకంలోనూ లేదు. ప్రెస్ బటన్లు టప్పుమంటాయి, పైగా ఇనుము. ప్లాస్టిక్ క్లిప్పు అంతకంటే గట్టిగా మోగుతుంది. నాడా కడితే తడికి బిగుసుకుపోయి గ్లౌజులతో రాదు. ఒకరోజు మేడమ్ పెట్టె అడుగు నుంచి ఎవరో పసిపిల్లాడి పాత చొక్కా తీశారు. దానికి గుడ్డ గుండీలున్నాయి. సన్నటి గుడ్డ పేలికని చుట్టి, ముడేసి, ముడినే గుండీగా చేసినవి. "దీంట్లో పగిలేదేమీ లేదు, మోగేదేమీ లేదు" అన్నారు. రేగిపండంత పెద్ద ముడులు వేయించారు, గ్లౌజు వేళ్ళకి దొరకాలని. నీలం గుడ్డతో వేయించారు, పొరపాటున ఊడినా రొయ్యల్లో కనిపించాలని. ముడి తోక కుట్టులోకి వెళ్ళిపోతుంది కాబట్టి గుడ్డ చిరిగితే తప్ప ఊడదు. రెండు తుంట్ల దగ్గరా ఒక్కో ముడి, ఒక్కో సాగే ఉచ్చు, మీద జానెడు కప్పు. అంతే.

అప్పటికి ఆమె యూనిట్‌కి రావడం తగ్గిపోయింది. నమూనాలు సంచిలో వేసుకుని నేనే డయాలసిస్ జరిగే ఆసుపత్రికి వెళ్ళేవాణ్ణి. మంచం మీద ఎడమచెయ్యి మిషనుకి అప్పగించి, కుడిచేత్తో, కళ్ళు మూసుకుని, ముడిని ఉచ్చులోంచి తీసి మళ్ళీ పెట్టేవారు. నాలుగు వేళ్ళకి పట్టు సరిపోయిందన్నారు. ఉచ్చు కాస్త వదులు చెయ్యమన్నారు. కానీ ఆ గదిలో మిషన్ల రొద. చప్పుడు పరీక్ష అక్కడ కుదరదు. సూదులు తీసి, కట్టు కట్టి, కాసేపు పడుకోమని నర్సు చెప్పి అటు వెళ్ళగానే ఆమె లేచి నిలబడ్డారు. గోడ పట్టుకుని వరండా చివరికి నడిచారు. అక్కడ రోగుల మరుగుదొడ్డి, దానికి రేకు తలుపు.

"లోపలికెళ్ళు. వేసుకుని, తీసి, పెట్టు. నేను ఇక్కడ నిలబడతాను."

వెళ్ళాను. బయట నుంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది.

"తీశావా?"

"తీశానండి."

"ఎప్పుడు?"

"ఇప్పుడేనండి. మళ్ళీ పెట్టేశాను కూడా."

"ఇంకోసారి తియ్యి. గట్టిగా లాగు."

అంతలో ఎవరో ముసలాయన అడగడం విన్నాను. "ఏటమ్మా, మీ బాబుకి ఒంట్లో బాగోనేదేటి?"

"బాగానే ఉన్నాడు. గుండీ తీస్తన్నాడు."

నేను తలుపు తీసి బయటికి వచ్చేసరికి ఆమె చెవి రేకుకి ఆనించుకుని ఉన్నారు. మొహం పాలిపోయి ఉంది, నవ్వుతున్నారు. నాతో ఉన్న కాలంలో ఆమె నవ్వగా చూసింది తక్కువ. అంతలోనే, నేను పట్టుకునేలోపు అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. నర్సు వచ్చి ఇద్దర్నీ కలిపి తిట్టింది.

కొత్త ఓవరాల్స్ పంపిన రోజు ఆమె వస్తానని పట్టుపట్టారు. ఫ్యాక్టరీ వాళ్ళు ఒలిచే గది బయట ప్లాస్టిక్ కుర్చీ వేశారు. మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక ఆడవాళ్ళు బయటికి వచ్చారు. ఎవరూ క్యాను దగ్గరికి వెళ్ళలేదు. మేడమ్ ఎవరినీ బతిమాలలేదు. పైడమ్మ అందరి వైపూ ఒకసారి చూసి, వెళ్ళి మూత తిప్పి, స్టీలు గ్లాసు నింపుకుని గటగటా తాగింది. ఇంకోటి తాగింది. ఒక పిల్ల లేచింది, తరవాత ఇంకో పిల్ల. అన్నాలయ్యాక పైడమ్మ మరుగుదొడ్ల వైపు వెళ్ళింది. మేడమ్ కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నారు. రేకు గోడ అటుపక్క నుంచి టీ గ్లాసుల చప్పుడు తప్ప ఏమీ లేదు. పైడమ్మ తిరిగివచ్చి చేతులు కడుక్కుని, మా దగ్గరికి వచ్చింది.

"పాపం, సెవులు రిక్కించుకోని కూకున్నారమ్మా అటేపు. ఏటీ ఇనబడక టీ సల్లారబెట్టీసుకున్నారు."

ఆడవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. పైడమ్మ గ్లాసు కడిగి, నింపి తెచ్చి మేడమ్‌కి ఇచ్చింది. "ఎండలో కూకున్నారు. మీరూ తాగండమ్మా." మేడమ్ జబ్బు సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. మేడమ్ గ్లాసు అందుకున్నారు. చల్లటి గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని, పెదాలు తడుపుకుని, పైడమ్మ అటు తిరగ్గానే నాకిచ్చారు. "తాగెయ్. పారబోస్తే బాధపడతాది."

ఆ ఏటి వానలు తగ్గేలోపే మేడమ్ పోయారు. డయాలసిస్ మంచం మీదే, మిషను తిరుగుతుండగా. ఉద్దానంలో వాళ్ళ ఊరికి తీసుకెళ్ళారు. మేం వెళ్ళేటప్పటికి ఆలస్యమైంది. ఆ వీధిలో ఎవరూ పెద్దగా ఏడవడం లేదు. వచ్చినవాళ్ళలో చాలామంది చేతులకి ఆమె చేతికి ఉన్నట్టే ఉబ్బిన నరాలు, దూది కట్లు ఉన్నాయి. వాళ్ళకి మర్నాడు వాళ్ళ వంతు ఉంది.

తరవాతి సంగతులు చెప్పడానికి పెద్దగా ఏమీ లేవు. ఆ ఫ్యాక్టరీలో మేనేజరు మారాడు. కొత్తాయన ఓవరాల్స్ ఎక్కడో బయట నుంచి తెప్పిస్తున్నాడు, ముందువైపు జిప్పు ఉన్నవి. గోడ అలాగే ఉంది. పైడమ్మ కాళ్ళు వాస్తున్నాయని పని మానేసింది. కిందటి వేసవిలో ఏవో పత్రాల కోసం ఆసుపత్రికి వెళ్తే వరండాలో కనిపించింది. ఆమెకీ ఎడమచేతికి దూది కట్టు. "ఆలీసం అయిపోనాదట బావూ" అంది. కారణం ఇదీ అని డాక్టర్లు ఆమెకి చెప్పలేదు. నేను కూడా చెప్పలేను. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, రుజువు లేనిది రాయకూడదని తెలుసు.

యూనిట్‌ని ఈశ్వరమ్మ గారు, నేను నడుపుతున్నాం. ఏ ఫ్యాక్టరీ నుంచి ఏ పనిబట్టల ఆర్డరు వచ్చినా ముందు వెళ్ళి వాళ్ళ మరుగుదొడ్డి ఎక్కడుందో, దాని గోడ దేనితో కట్టారో, గోడ అవతల ఎవరు కూర్చుంటారో చూసి వస్తాను. కొందరు మేనేజర్లకి అది చికాకు. కుట్టిన ప్రతి నమూనానీ తలుపు వేసుకుని, కళ్ళు మూసుకుని, ఒకసారి తీసి పెడతాను. మేడమ్ నాకు నేర్పినవాటిలో నాకు బాగా వచ్చింది ఇదొక్కటే. తీరం వెంబడి రొయ్యల షెడ్లలో ఎంతమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారో నాకు తెలీదు, అడిగినా ఎవరూ సరిగ్గా చెప్పరు. రెండు చిన్న షెడ్లవాళ్ళు మాత్రం ఇంకా మా దగ్గరే కుట్టించుకుంటున్నారు. మేడమ్ గుండీ ఉన్న ఓవరాల్ వేసుకుని ఈ రోజు పనికి వెళ్ళినవాళ్ళు నలభై ముగ్గురు.